ఎక్కడ ఆగిందో చూడండి

2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు మామూలుగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. దాని తర్వాతి విండోస్ 11 ఎక్కాలంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరానిదో, ఆ తర్వాతదో కావాలి. 2017కు ముందు కొన్న సిస్టమ్‌లలో చాలావాటికి ఆ దారి మూసుకుపోయినట్టే.

హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసు అయితే పాతవి అమ్మేసి కొత్తవి కొంటుంది. ఆ అమ్మేసినవి చేతులు మారి జిల్లాలకు చేరతాయి. ఉట్నూరు నుంచి కెరమెరి మీదుగా ఆసిఫాబాద్ పోయే దారిలో, ఏజెన్సీ నడుమ ఉన్న జైనూర్ లాంటి మండల కేంద్రాల్లో కనబడే కంప్యూటర్లు ఎక్కువగా ఇలా వచ్చినవే. జిరాక్సు సెంటర్‌లో ఒక కంపెనీది, బడికి దానంగా వచ్చినది ఇంకో కంపెనీది, డిగ్రీ చదివే పిల్లవాడు సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చుకున్న లాప్‌టాప్ మరొకటి. ఒకదాని లోపలి సరుకుకు ఇంకోదానితో పొంతన ఉండదు. వీటిలో దాదాపు అన్నిటి మీదా నడవగల సిస్టమ్ లినక్స్, యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ బాటలో పుట్టింది. డబ్బు కట్టక్కరలేదు, సోర్సు కోడ్ దాపరికం లేదు.

"మరి నా దాంట్లో ఎక్కుతుందా?" అన్నది అందరూ అడిగే ప్రశ్న. చాలావాటిలో ఎక్కుతుంది. ఎక్కనప్పుడు మాత్రం "ఎక్కలేదు" అన్న ఒక్క మాటతో ఎవరూ ఏమీ చేయలేరు. ఎక్కడ ఆగింది అన్నది తెలిస్తే సగం మరమ్మతు అయిపోయినట్టే. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ఇన్ని యంత్రాల మీద ఎలా నడుస్తుంది?

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్ మొదటి యూనిక్స్ రాసినప్పుడు అది పీడీపీ-7 అనే ఒక్క యంత్రానికే పనికొచ్చేది. ఆ యంత్రం భాషలోనే, అసెంబ్లీలో, రాశారు కాబట్టి ఇంకో యంత్రం మీదకు తీసుకెళ్లాలంటే మొత్తం తిరిగి రాయాల్సిందే. ఆ తర్వాత డెన్నిస్ రిచీ సీ భాషను తయారుచేశారు. 1973లో యూనిక్స్ కెర్నల్‌ను, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే దాని నడిబొడ్డు ప్రోగ్రామ్‌ను, అందులో తిరగరాశారు. అప్పటి నుంచి యంత్రానికి అంటిపెట్టుకున్న భాగం తక్కువ, ఎక్కడైనా నడిచే భాగం ఎక్కువ అయింది. కొత్త యంత్రం వస్తే ఆ తక్కువ భాగాన్ని రాసుకుంటే చాలు.

1991 ఆగస్టులో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన కెర్నల్ గురించి తొలిసారి ప్రకటించినప్పుడు, ఇది 386 ప్రాసెసర్ మీద తప్ప ఇంకెక్కడా నడవదని, తన దగ్గరున్న రకం హార్డ్‌డిస్క్‌ తప్ప వేరేదానికి బహుశా ఎప్పటికీ పనికిరాదని చెప్పుకున్నాడు. ఆ మాట నిలవలేదు. 2017 నవంబర్ జాబితా నుంచి ప్రపంచంలోని అతి వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. జైనూర్‌లో ఎవరి జేబులో ఆండ్రాయిడ్ ఫోను ఉన్నా అందులోనూ లినక్స్ కెర్నలే ఉంది. 386 మాత్రం 2013లో వచ్చిన 3.8 వెర్షన్ నుంచే కెర్నల్‌లో లేదు. పుట్టిన యంత్రాన్నే వదిలేసి ముందుకు పోయింది.

ఒక కెర్నల్‌కు ఇన్ని రకాల పరికరాలు ఎలా తెలుస్తాయి? కంప్యూటర్‌లోని ప్రతి పీసీఐ పరికరానికీ రెండు నంబర్లు ఉంటాయి. ఒకటి తయారుచేసిన కంపెనీది, రెండోది ఆ మోడల్‌ది. ఇంటెల్ కంపెనీ నంబరు 8086. 1978లో వాళ్లు తెచ్చిన ప్రాసెసర్ పేరునే నంబరుగా పెట్టుకున్నారు. ఒక పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్‌ను డ్రైవర్ అంటారు. ప్రతి డ్రైవర్‌లోనూ "నేను ఫలానా నంబర్ల పరికరాలను నడపగలను" అన్న పట్టిక ఉంటుంది. కెర్నల్ లేవగానే పరికరాల నంబర్లు చదివి, పట్టికలతో పోల్చి, సరిపోయిన డ్రైవర్‌ను పిలుస్తుంది. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌కు మైనస్ ఎన్‌ఎన్‌కే తగిలించి కొడితే ఈ నంబర్లూ, ఏ పరికరాన్ని ఏ డ్రైవర్ పట్టుకుందన్న సంగతీ వరసగా కనబడతాయి. డ్రైవర్ పేరు లేని వరస కనబడితే పని చేయని పరికరం అదే అయ్యుండొచ్చు. డబ్బా మీద రాసిన బ్రాండు పేరు కన్నా ఈ నంబర్లే నమ్మదగినవి. ఒకే పేరుతో అమ్మే లాప్‌టాప్‌లో ఒక ఏడాది ఒక కంపెనీ వైఫై కార్డు, మరుసటి ఏడాది ఇంకో కంపెనీది ఉండొచ్చు.

స్విచ్ వేసిన దగ్గర నుంచి

స్విచ్ వేసినప్పటి నుంచి లాగిన్ తెర వచ్చేదాకా పని చేతులు మారుతూ పోతుంది. మంటలార్పడానికి బావి దగ్గర నుంచి వరసగా నిలబడ్డవాళ్లు నీళ్ల బిందెను ఒకరి నుంచి ఒకరు అందుకున్నట్టే. ముందు మదర్‌బోర్డు మీదే ఉండే చిన్న ప్రోగ్రామ్, అంటే ఫర్మ్‌వేర్, లేస్తుంది. పాతవాటిలో దాన్ని బయాస్ అంటారు, 2012 తర్వాతవాటిలో ఎక్కువగా యూఈఎఫ్‌ఐ. అది డిస్క్ మీదున్న బూట్‌లోడర్‌ను పిలుస్తుంది. లినక్స్‌లో ఎక్కువగా వాడేది గ్రబ్. గ్రబ్ కెర్నల్‌నూ, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక ఫైళ్ల కట్టనూ మెమరీలోకి ఎక్కిస్తుంది. ఆ కట్టలోని డ్రైవర్లతో కెర్నల్ అసలు డిస్క్‌ను తెరుస్తుంది. అక్కడి నుంచి సిస్టమ్‌డీ అనే ప్రోగ్రామ్ మిగతా సేవలన్నిటినీ లేపుతుంది. చివరికి రంగుల తెర వస్తుంది.

ఒక్కో మజిలీలో ఆగిపోయినప్పుడు తెర ఒక్కో రకంగా ఉంటుంది. దాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలు.

ఫ్యాన్ తిరుగుతుంది, తెర నల్లగానే ఉంటుంది, సీపీయూ డబ్బా ఆగకుండా బీప్ కొడుతుంటుంది. ఇది ఫర్మ్‌వేర్ దాకా కూడా సరిగ్గా రాని కేసు. లినక్స్‌కూ దీనికీ సంబంధం లేదు. చాలాసార్లు తప్పు ర్యామ్ దగ్గర ఉంటుంది. మన మెకానిక్‌లు ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, తిరిగి గట్టిగా నొక్కి పెట్టడం ఉత్త నమ్మకం కాదు. తేమకు, దుమ్ముకు ఆ అంచు మీద పొర కడుతుంది, కనెక్షన్ తెగుతుంది. పని మొదలుపెట్టే ముందు కరెంటు తీగ పీకాలి, ఒంట్లోని స్టాటిక్ పోవడానికి ఇనుప డబ్బాను ఒకసారి ముట్టుకోవాలి. ఆ తర్వాత కూడా ఇన్‌స్టాల్ ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంటే మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే పరీక్షను రాత్రంతా నడపండి. తప్పు ఒకే చోట జరిగితే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించాలి, చోటు మారుతుంటే హార్డ్‌వేర్‌ను.

బూట్ కావడానికి డిస్క్ ఏదీ దొరకలేదని తెర మీద వస్తే ఆగింది ఫర్మ్‌వేర్‌కూ బూట్‌లోడర్‌కూ నడుమ. ఎక్కువమంది ఇక్కడ చేసే పొరపాటు ఒకటుంది. డౌన్‌లోడ్ చేసిన ఐఎస్‌ఓ ఫైలును సినిమా ఫైలులా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తారు. అది బూట్ కాదు. ఆ ఫైలు ఒక డిస్క్ మొత్తానికి అచ్చు. రూఫస్ లాంటి ప్రోగ్రామ్‌తో ఆ అచ్చును పెన్‌డ్రైవ్ మీద మొదటి బైటు నుంచి దించాలి. దించే ముందు ఫైలు నుంచి లెక్కగట్టిన ఎస్‌హెచ్‌ఏ-256 మొత్తాన్ని సైటులో ఇచ్చినదానితో సరిచూసుకోవాలి. సిగ్నల్ వస్తూ పోతూ ఉండే ఏజెన్సీలో మూడు నాలుగు జీబీల డౌన్‌లోడ్ నడుమ చెడడం కొత్తేమీ కాదు. ఒక్క బిట్ మారినా ఆ మొత్తం పూర్తిగా వేరేగా వస్తుంది, తేడా వెంటనే తెలిసిపోతుంది.

పెన్‌డ్రైవ్ సరిగ్గానే ఉన్నా యూఈఎఫ్‌ఐ దాన్ని ఒప్పుకోకపోవచ్చు. 2013, 2014 ప్రాంతాల్లో చవగ్గా వచ్చిన ఇంటెల్ ఆటమ్ లాప్‌టాప్‌లు, టాబ్లెట్లు కొన్నిటిలో ఒక వింత ఉంది. ప్రాసెసర్ 64 బిట్‌లది, దాన్ని లేపే యూఈఎఫ్‌ఐ మాత్రం 32 బిట్‌లది. 64 బిట్ బూట్‌లోడర్ ఒక్కటే ఉన్న పెన్‌డ్రైవ్ అక్కడ కనబడనే కనబడదు. పెన్‌డ్రైవ్ పాడైందని, పోర్టు పోయిందని జనం తిప్పలు పడతారు. కావలసిందల్లా 32 బిట్ యూఈఎఫ్‌ఐ బూట్‌లోడర్ కూడా కలిసిన ఇన్‌స్టాలర్. ఇక 2006 తర్వాతి కోర్ 2 డ్యూయోల నుంచి డెస్క్‌టాప్‌లు దాదాపు అన్నీ 64 బిట్‌లవే. 2008లో వచ్చిన చిన్న నెట్‌బుక్‌ల ఆటమ్ ఎన్270 లాంటివి మాత్రం ఉత్త 32 బిట్‌లవి. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌లో వాటికి ఇన్‌స్టాలర్ ఇచ్చిన చివరి వెర్షన్ 2023 జూన్‌లో వచ్చిన 12. 2025 ఆగస్టులో వచ్చిన 13లో అది లేదు.

గ్రబ్ మెనూ వచ్చి, ఎంటర్ కొట్టగానే తెర నల్లబడిపోతే ఆగింది కెర్నల్ చేతిలోకి వచ్చాక. చాలాసార్లు కెర్నల్ బతికే ఉంటుంది, గ్రాఫిక్స్ డ్రైవర్ తెరను సరిగ్గా పట్టుకోలేకపోతుంది. గ్రబ్ మెనూ మీద ఉన్నప్పుడు ఇంగ్లిష్ "ఈ" అక్షరం నొక్కితే బూట్ వాక్యాలు తెరుచుకుంటాయి. లినక్స్ అని మొదలయ్యే వరస చివర ఉన్న "క్వయట్" అన్న మాట తీసేయండి. కెర్నల్ తను చేసే ప్రతి పనినీ తెర మీద చెబుతూ పోతుంది. ఎక్కడ ఆగితే అక్కడి చివరి వరసలే మీకు ఆధారం. అదే చోట "నోమోడ్‌సెట్" అని చేర్చితే గ్రాఫిక్స్ డ్రైవర్ తెర జోలికి రాకుండా ఉంటుంది. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే, మళ్లీ స్విచ్ వేస్తే పోతుంది. కాబట్టి భయం లేకుండా ప్రయత్నించవచ్చు. తెర వస్తే ఇన్‌స్టాల్ ముగించి, తర్వాత తగిన డ్రైవర్ వేసుకోవాలి.

కరెంటు పోయిన మర్నాడు

ఏజెన్సీలో కంప్యూటర్‌కు పెద్ద శత్రువు వైరస్ కన్నా కరెంటు. గాలివానకు లైన్ తెగుతుంది, యూపీఎస్‌లో బ్యాటరీ ఎప్పుడో పోయుంటుంది, సిస్టమ్ టక్కున ఆరిపోతుంది. ఒక ఫైలును డిస్క్ మీద సేవ్ చేయడం బయటికి ఒక్క పనిలా కనబడినా లోపల చాలా పనులు: ఖాళీ చోటు పట్టికలో మార్పు, ఫైలు వివరాల్లో మార్పు, ఫోల్డర్‌లో పేరు చేర్పు. నడుమ కరెంటు పోతే ఒకటి జరిగి ఇంకోటి జరగదు, లెక్క తప్పుతుంది.

దీనికి విరుగుడుగా లినక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ ఒక జర్నల్ రాసుకుంటుంది. పట్టికల్లో చేయబోయే మార్పులను ముందు జర్నల్‌లో రాసి, ఆ తర్వాతే అసలు చోట మారుస్తుంది. కరెంటు వచ్చాక లేచినప్పుడు జర్నల్ చదివి, పూర్తిగా రాసినవాటిని ముగిస్తుంది, సగంలో ఉన్నవాటిని వదిలేస్తుంది. రాస్తున్న ఉత్తరంలో చివరి పేరా పోతే పోవచ్చు, డిస్క్ మొత్తం గల్లంతు కాదు.

డిస్క్ ముసలిదైనప్పుడు జర్నల్ కూడా సరిపోదు. అప్పుడు నల్లటి తెర మీద ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అన్న మాట బ్రాకెట్లలో వచ్చి, కర్సర్ కొట్టుకుంటూ ఉంటుంది. దాన్ని చూసి "సిస్టమ్ ఖతం" అని ఫార్మాట్ కొట్టించేవాళ్లు ఎందరో. నిజానికి ఆ తెర శుభవార్తే. ఫర్మ్‌వేర్, గ్రబ్, కెర్నల్ అన్నీ తమ పని చేశాయి, అసలు డిస్క్‌ను తెరిచే దగ్గర మాత్రమే ఆగింది. కాస్త పైన చూస్తే ఏ పార్టిషన్‌లో లెక్క తప్పిందో కనబడుతుంది, దాన్ని ఎఫ్‌ఎస్‌సీకే అనే కమాండ్‌తో చేత్తో సరిచేయమని రాసి ఉంటుంది. విలువైన ఫైళ్లుంటే ముందు లైవ్ పెన్‌డ్రైవ్‌తో, అంటే పెన్‌డ్రైవ్ మీది నుంచే నడిచే లినక్స్‌తో, లేపి వాటిని బయటికి తీసుకోవాలి, ఆ తర్వాతే సరిచేయాలి. నెల తిరక్కుండా మళ్లీ అదే తెర వస్తే డిస్క్ మార్చే వేళయిందని అర్థం. పాత హార్డ్‌డిస్క్ తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ వేస్తే పదేళ్ల సిస్టమ్‌కు కూడా ప్రాణం లేచొస్తుంది. ర్యామ్ రెండు జీబీలే ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ లాంటి తేలికపాటి డెస్క్‌టాప్ తెరలు ఎంచుకోవాలి.

ఇంకో తప్పు కరెంటుతో చుట్టరికం ఉన్నదే. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది. మూడు వోల్టులది. సిస్టమ్ ఆపి ఉన్నప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీతో ఇన్‌స్టాల్‌కు ఏం పని? చాలా పని ఉంది. ఇంటర్నెట్‌లో ప్రతి భద్రమైన సైటూ చూపించే సర్టిఫికెట్‌కు ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువు ఉంటుంది. డెబియన్ ప్యాకేజీల జాబితా మీద కూడా అది తయారైన తేదీ, సంతకం ఉంటాయి. కంప్యూటర్ గడియారం వెనకబడితే ఆ జాబితా దానికి భవిష్యత్తులో తయారైనట్టు కనబడుతుంది, ఇంకా చెల్లుబాటులోకి రాలేదని కంప్యూటర్ దాన్ని తిప్పికొడుతుంది. చూసేవాడికి మాత్రం నెట్ ఉంది, బ్రౌజర్ సైటు తెరవదు, ప్యాకేజీలు దిగవు. నెట్ అందితే సిస్టమ్ తనే సమయం సరిచేసుకోవాలని చూస్తుంది. కుదరకపోతే తేదీ చేత్తో సరిచేసి, బ్యాటరీ మార్చాలి. కొద్ది రూపాయల ఈ బ్యాటరీ వల్ల సిస్టమ్ మొత్తం ఇన్‌స్టాల్ పాడైందనుకుని మళ్లీ మొదటి నుంచి వేసుకున్నవాళ్లకు లెక్క లేదు.

వైఫై రాకపోవడం మరో నిత్య ఫిర్యాదు. డ్రైవర్ ఉన్నా వైఫై చిప్‌కు తన లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్, అంటే దాని ఫర్మ్‌వేర్, విడిగా ఎక్కించాలి. అది కంపెనీ సొత్తు, సోర్సు కోడ్ ఇవ్వరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాన్ని పట్టుకున్న డెబియన్ చాలా ఏళ్లు తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో వాటిని పెట్టలేదు. 2022లో సభ్యులు ఓటు వేసి ఆ పద్ధతి మార్చారు, డెబియన్ 12 నుంచి అవి కలిసే వస్తున్నాయి. అప్పటికీ కొన్ని పాత బ్రాడ్‌కామ్ కార్డుల ఫర్మ్‌వేర్‌ను వేరే దించుకోవాలి. నెట్ లేకుండా నెట్ కోసం దించుకోవడం ఎలా? ఫోనుకు తీగ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లినక్స్ దాన్ని చాలాసార్లు ఏ డ్రైవరూ అడగకుండా గుర్తుపడుతుంది.

చివరి మజిలీ అక్షరం

తెర వచ్చింది, నెట్ వచ్చింది. ఫైలు తెరిస్తే అక్షరాల చోట డబ్బాలు. ఇన్‌స్టాల్ ఇంకా ముగియలేదన్నమాట. కంప్యూటర్‌కు అక్షరం అంటే ఒక నంబరు. లిపుల అక్షరాలకు నంబర్లు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు "అ" నంబరు 3,077. ఆ నంబరుకు బొమ్మ గీసే ఫాంట్ లేకపోతే డబ్బా వస్తుంది. తెలుగుకు ఈ ఇబ్బంది చాలావరకు తీరింది. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసి స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్ ప్యాకేజీల్లోనే ఉన్నాయి. చెన్నైలోని సీడాక్ డెబియన్ మీద కట్టిన బాస్ అనే భారతీయ లినక్స్‌లోనూ తెలుగు ఉంది.

జైనూర్‌లో తెలుగు ఒక్కటే ఉంటే కథ ఇక్కడితో అయిపోయేది. ఇక్కడి ఊళ్లలో గోండి ఇంటి భాష. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దాదాపు 30 లక్షల మంది దాన్ని మాతృభాషగా రాయించుకున్నారు. జైనూర్ మండలంలోని మార్లవాయిలో మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైనప్పుడు గోండి వాచకాలను దేవనాగరి లిపిలో అచ్చువేశారు. పొరుగున నార్నూర్ మండలం గుంజాలలో గోండి సొంత లిపిలో రాసిన చేతిరాత ప్రతులు ఉన్నాయని ఆచార్య జయధీర్ తిరుమలరావు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం కృషితో చాలా ఆలస్యంగా బయటి ప్రపంచానికి తెలిసింది. లిపుల పరిశోధకుడు అన్షుమన్ పాండే ప్రతిపాదన మీద 2018 జూన్‌లో యూనికోడ్ 11.0లో గుంజాల గోండి లిపి చేరింది. ఆ లిపికి 80 గళ్లు కేటాయించారు, అందులో 63 నిండాయి.

ఆ లిపిలో "అ" నంబరు 73,056. తెలుగుకు 3,077, గోండికి 73,056 అన్న తేడా చిన్నది కాదు. 16 బిట్‌లలో పట్టే అతి పెద్ద నంబరు 65,535. అక్షరం అంటే 16 బిట్‌లే అనుకుని రాసిన పాత ప్రోగ్రామ్‌లు తెలుగును సరిగ్గా చూపించి, గోండి దగ్గర రెండు డబ్బాలు చూపిస్తాయి. యూనిక్స్ కుటుంబం వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఈ హద్దు లేదు. అందులో ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు, తెలుగు "అ" 224, 176, 133 అని మూడు బైట్లు, గుంజాల గోండి "అ" 240, 145, 181, 160 అని నాలుగు బైట్లు. మొదటి బైటు చూస్తేనే ఆ అక్షరం మొత్తం ఎన్ని బైట్లో తెలిసిపోతుంది. 1992 సెప్టెంబర్‌లో న్యూజెర్సీలోని ఒక హోటల్లో రాత్రి భోజనం చేస్తూ, బల్ల మీది కాగితం మీద ఈ పద్ధతి గీసింది రాబ్ పైక్, కెన్ థామ్సన్‌లు. 1969లో యూనిక్స్ రాసిన ఆ థామ్సనే. గుంజాల ప్రతుల సంగతి ఆయనకు తెలిసే అవకాశమే లేదు. అయినా వాటికి చోటు మిగిలింది, ఎందుకంటే ఆయన హద్దును అప్పటి అవసరానికి సరిపెట్టకుండా దూరంగా పెట్టాడు.

ఇప్పుడు డెబియన్‌లో నోటో ఫాంట్ల ప్యాకేజీ వేసుకుంటే గుంజాల గోండి అక్షరాలు పాత కంప్యూటర్ తెర మీద కూడా వస్తాయి. రాకపోతే అదే ప్రశ్న వేయండి: ఎక్కడ ఆగింది? డబ్బా వస్తే ఫాంట్ లేదు. ఒక్క అక్షరానికి రెండు డబ్బాలు వస్తే ఆ ప్రోగ్రామ్ 16 బిట్‌ల దగ్గరే ఆగిపోయింది. అక్షరాలు వచ్చి గుణింతాలు చెదిరితే అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ లాంటి భాగం పాతది.

పాత కంప్యూటర్‌ను పాత ఇనుము వాళ్లకు వేసే ముందు ఒక పెన్‌డ్రైవ్ మీద లినక్స్ దించి, డిస్క్ జోలికి పోకుండా లైవ్‌గా నడిపి చూడండి. తెర, శబ్దం, వైఫై పనిచేస్తున్నాయా చూశాకే ఇన్‌స్టాల్ నొక్కండి. నొక్కే ముందు ఫోటోలు, కాగితాలు వేరే డిస్క్‌లోకి తీసి పెట్టుకోండి. ఎక్కడైనా ఆగితే స్విచ్ ఆపకుండా ముందు తెరను ఫోనుతో ఫోటో తీయండి. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు మూడు సంగతులు చెప్పండి: ఏ మజిలీలో ఆగింది, తెర మీద చివరి వరస ఏమిటి, పరికరం నంబర్లు ఏమిటి. తప్పు దొరికి సరిచేశాక అది ఎలా సరైందో రెండు వాక్యాలు తెలుగులో రాసి ఆ సీపీయూ డబ్బాకే అంటించండి. ఆ సిస్టమ్‌ను తర్వాత ముట్టుకునేవాళ్లకు అంతకన్నా పనికొచ్చే పుస్తకం ఉండదు.